రాజుగారి కుర్చీలో పల్లం

యాభై ఏళ్ళ పాటు నేను ఒకే గొప్పను, దాదాపు ఒకే మాటల్లో చెప్పుకుంటూ వచ్చాను. దాన్ని పచ్చి అబద్ధం అనడానికి లేదు. అందులో పన్నెండో వంతు నిజం ఉంది. మా ఊరికి దగ్గర్లోని రాజభవనంలో, రాజుగారి భోజనాల గదిలో పన్నెండు కుర్చీలున్నాయి. వాటిలో ఒకదానికి మెత్త కుట్టింది నేను. మిగతా పదకొండింటికీ కుట్టింది మా మేస్త్రి హోల్గర్ క్రాగ్. ఎవరికైనా చెప్పేటప్పుడు "ఆ కుర్చీలు మా కొట్లో చేసినవే" అని మొదలుపెట్టేవాణ్ణి. మొదటి కప్పు కాఫీ అయ్యేసరికి అది "మేం చేసినవే" అయ్యేది. రెండో కప్పుకి మేస్త్రి కథలోంచి మాయమైపోయేవాడు.

నా పేరు ఎస్కిల్ బ్రోదర్సెన్. డెన్మార్క్ దక్షిణ కొసన, పందులు పెంచే ఇంట్లో పుట్టాను. మా నాన్నకు మూడు వందల పందులుండేవి. వాటిలో ఏ ఒక్కదానికీ నా మీద గౌరవం లేదు. పదహారేళ్ళప్పుడు ఒక ఈనిన పంది నన్ను దొడ్డి చుట్టూ రెండుసార్లు తరిమి, కంచె మీదికి ఎక్కించి, కింద కాపలా కూర్చుంది. నాన్న వచ్చి దాన్ని ఒక్క అదిలింపుతో పంపేసి, వీడికి ఏదైనా కూర్చుని చేసే పని చూడాలి అని అమ్మతో అన్నాడు. కూర్చుని చేసే పని దొరకలేదు గాని, జనాన్ని కూర్చోబెట్టే పని దొరికింది. అలా హోల్గర్ క్రాగ్ కొట్టులో శిష్యరికానికి చేరాను.

మేస్త్రి తక్కువ మాట్లాడే మనిషి. నోటి నిండా చిన్న మేకులు పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటీ పెదాల మీదికి తోసి, అయస్కాంతపు సుత్తితో అందుకుని కొట్టేవాడు. అలాంటప్పుడు ఎవరు మాత్రం మాట్లాడతారు? నోట్లో మేకులు లేనప్పుడు కూడా ఆ అలవాటే ఉండిపోయింది. పని బాగాలేకపోతే "విప్పు" అనేవాడు. బాగుంటే "సరే" అనేవాడు. మొదటి ఏడాదంతా నేను "విప్పు" తప్ప ఇంకో మాట వినలేదు. కట్టిన నార పట్టీలు విప్పాను, పరిచిన గోనెగుడ్డ విప్పాను, దబ్బనంతో కుట్టిన కుట్లన్నీ విప్పాను. కుట్టడం కంటే విప్పడంలోనే ముందు చేయి తిరిగింది.

1967 శరదృతువులో రాజభవనం నుంచి లారీలో పన్నెండు కుర్చీలు వచ్చాయి. రాజుగారు ఎప్పుడో పోయారు, కొన్నేళ్ళ కిందట ముసలి రాణిగారు కూడా పోయాక ఆ భవనాన్ని ప్రభుత్వం తీసుకుంది. వచ్చే వసంతానికి దాన్ని మ్యూజియంగా తెరవాలి. కుర్చీల మెత్తలు పురుగు పట్టి, లోపల కూరిన గుర్రపు వెంట్రుకలు బయటికి వేలాడుతున్నాయి. మేస్త్రి ఒక్కొక్కటే చేసుకుంటూ పోయాడు. పదకొండు అయ్యాక, పన్నెండోదాన్ని నా బల్ల ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు పట్టింది. వెంట్రుకలు దువ్వాను, సర్దాను, అంచు కుట్టాను, ఆకుపచ్చ పట్టుగుడ్డ లాగి బిగించాను. ఐదో రోజు మేస్త్రి వచ్చి అరచేత్తో ఒకసారి నొక్కి చూశాడు. ఇంకోసారి నొక్కాడు. కిటికీ వైపు చూశాడు. "సరే" అన్నాడు.

ఆ ఒక్క "సరే" మీద నేను ఒక జీవితం కట్టుకున్నాను. పదిహేడేళ్ళకే రాజుగారి కుర్చీ చేసినవాణ్ణి, మేస్త్రి చేత విప్పించుకోనివాణ్ణి అన్న ధీమాతో మేస్త్రి కూతురు బోదిల్‌ని పెళ్ళి చేసుకున్నాను. మేస్త్రి పోయాక కొట్టు నాదయింది. గుర్రపు వెంట్రుకలు పోయి ఫోమ్ వచ్చింది. రాజుల సంగతి దేవుడెరుగు, నేను చేసినవన్నీ పళ్ళ డాక్టర్ల కుర్చీలు, బస్సు సీట్లు, పడవల్లో పరుపులు, జనం వేసవి సెలవులకి కార్ల వెనక లాక్కుపోయే ఇళ్ళ బండ్లలో బెంచీలు. అయితేనేం, ఎవరైనా సోఫా తీసుకొచ్చి ధర ఎక్కువంటే, రాజుగారి కుర్చీల ముచ్చట ఎత్తేవాణ్ణి. వాళ్ళు ధర ఒప్పుకునేవారు, కథ ఆగుతుందని కావచ్చు.

ఇంత చెప్పుకున్నవాణ్ణి, ఆ రాజభవనంలోకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. మా ఇంటికి పదకొండు కిలోమీటర్లు. ఎవరైనా అడిగితే, వండినవాడు వాసన చూడటానికి టికెట్టు కొంటాడా అనేవాణ్ణి. మాట బాగుందని అందరూ నవ్వేవారు. బోదిల్ మాత్రం నవ్వేది కాదు. అన్నిసార్లు విన్నది కదా అనుకున్నాను.

నాకు అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక, మా పింఛనుదార్ల సంఘం మే నెలలో రాజభవనానికి బస్సు వేసింది. సంఘానికి పెద్ద వెర్నర్, ఊరికి ముప్పై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచినవాడు. ఆయన స్వయంగా వచ్చి నన్ను పిలిచాడు.

"ఏరా, యాభై ఏళ్ళ నుంచి చెవుల్లో కుర్చీలు దూరుస్తున్నావు. ఒక్కసారైనా కళ్ళకి చూపించవూ" అన్నాడు.

ఇక తప్పలేదు. నేను మెడకు టై కట్టాను. ఎందుకు కట్టావని బోదిల్ అడిగితే, పాత స్నేహితుల్ని చూడబోతున్నాను కదా అన్నాను. కుర్చీల్ని స్నేహితులన్నవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మమ్మల్ని లోపల తిప్పినది ఒక యువ గైడు. మంచి గొంతు, ఉత్సాహం ఉన్న కుర్రవాడు. అద్దాల గది, సంగీతపు గది, రాణిగారు పొద్దున్నే కాఫీ తాగే చిన్న గది చూపించి, భోజనాల గదికి తీసుకొచ్చాడు. పొడవాటి బల్ల, దాని చుట్టూ ఆకుపచ్చ కుర్చీలు, అడ్డంగా ఎర్ర తాడు. బస్సులో వచ్చిన నలభై మందీ బల్ల వైపు కాక నా వైపు చూశారు. నేను టై సర్దుకున్నాను.

గైడు బల్ల తలాపున ఉన్న కుర్చీ దగ్గర నిలబడ్డాడు. అది రాజుగారు కూర్చున్న స్థానమని, ఆ కుర్చీని కాస్త వంగి చూడమని అన్నాడు. చూశాం. మెత్త ఎడమ పక్కకి దిగిపోయి ఉంది. నీళ్ళు పోస్తే ఆ మూల నిలిచేలా ఉంది. రాజుగారికి కుడి కాలి బొటనవేలికి వాతం నొప్పి ఉండేదట. ఆ కాలు మీద బరువు పడకుండా ఎప్పుడూ ఎడమకి ఒరిగి కూర్చునేవారట. ఏళ్ళ తరబడి అలా కూర్చోగా ఆ పల్లం పడిందట. ఎంత రాజైనా నొప్పి ముందు మనిషే కదా అని గైడు ముగించాడు. మావాళ్ళలో ఆడవాళ్ళు కొందరు అయ్యో పాపం అన్నారు. వెర్నర్ అయితే తన కుడి మోకాలు తడుముకున్నాడు.

నేను ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కాని పని తెలిసినవాడి నోరు, ముఖ్యంగా కొంచెమే తెలిసినవాడి నోరు, ఊరుకోదు.

"వాతమూ కాదు, గీతమూ కాదు" అన్నాను, వెనక ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా. "అది కుట్టినవాడి తప్పు. ఎడమ పక్క వెంట్రుక తక్కువ పెట్టాడు, అంచు కుట్టు బిగించలేదు. రాజుగారు ఈ మెత్త మీద కూర్చోనే లేదు, ఇది 1967లో వేసింది."

గైడు మొహం చిన్నబోయింది. ఎలా తెలుసని అడిగాడు. మా కొట్లోనే చేశామని చెప్పాను. అయితే ఇది ఎవరు చేశారని వెర్నర్ అడిగాడు. నేను మిగతా పదకొండింటి వైపు చూశాను. ఒక్కొక్కటీ పొంగిన రొట్టెలా, నాలుగు వైపులా సమంగా, యాభై ఏళ్ళ తర్వాత కూడా అంచు చెదరకుండా ఉన్నాయి. వాటిలో ఒకటి నాదని నాకు సందేహమే లేదు. కిటికీ పక్కనున్నది నాదని అప్పటికే ఎంచుకున్నాను.

"ఇది మా మామగారు చేసింది" అన్నాను. "ఆఖర్లో చేసుంటాడు. అప్పటికే ఆయన కళ్ళు మందగించాయి. పెద్దాయన, ఏమంటాం" అని, కిటికీ పక్క కుర్చీ చూపించి, "అది నాది" అన్నాను.

అందరూ కిటికీ పక్క కుర్చీని మెచ్చుకున్నారు. బోదిల్ నా పక్కనే ఉంది. గట్టిగా కాదు గాని, నాకు వినపడేలా ఒక్క మాట అంది.

"నాన్న కళ్ళు బాగానే ఉండేవి."

అని, గుంపుతో పాటు తరవాతి గదికి వెళ్ళిపోయింది. తిరుగు దారిలో బస్సులో ఆమె వెర్నర్ భార్య పక్కన కూర్చుంది. నేను నా టై పక్కన కూర్చున్నాను, మెడకి ఉక్కపోసి తీసి పక్క సీట్లో పెట్టాను కాబట్టి.

ఆ సంగతి అక్కడితో పోయేదేమో. కాని గైడు పక్కన నిలబడి అంతా విన్న ఒక అమ్మాయి ఉంది. పేరు మలీన. మ్యూజియంలో పాత గుడ్డలూ మెత్తలూ బాగుచేసే పని ఆమెది. ఆరోజే నా ఫోన్ నంబరు రాసుకుంది. అక్టోబరు చివర ఫోన్ చేసింది. శీతాకాలానికి భవనం మూశారట, తలాపు కుర్చీని విప్పి చూడబోతున్నారట, 1967 నాటి పని తెలిసినవాళ్ళు ఇంకెవరూ బతికిలేరట, మీరు వస్తే బాగుంటుంది అంది.

ఇంత మర్యాదగా నన్నెవరూ ఏ పనికీ పిలవలేదు. పాత దబ్బనాలు తుడిచి, తోలు సంచిలో చుట్టుకుని వెళ్ళాను. వాకిట్లో నా పేరు రాసిన బిళ్ళ ఒకటి కోటుకి తగిలించారు.

మరమ్మతుల గది పై అంతస్తులో ఉంది, కిటికీలోంచి సముద్రపు పాయ కనిపిస్తుంది. కుర్చీని బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. మలీన చేతులకు తొడుగులు వేసుకుని, అడుగున కప్పిన నల్లగుడ్డ మేకులు ఒక్కొక్కటే తీస్తోంది. నేను పక్కన నిలబడి పాఠం చెబుతున్నాను. మేస్త్రి మంచి పనివాడేననీ, కాకపోతే వయసు మీద పడితే ఎవరికైనా చేతులు వణుకుతాయనీ, నార పట్టీ చూడు ఎంత వదులుగా ఉందో అనీ. 1967లో మేస్త్రికి నలభై ఎనిమిదేళ్ళు. అంటే, ఈ పాఠం చెబుతున్న నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. ఈ లెక్క నాకు ఆ తరవాత తట్టింది.

నల్లగుడ్డ ఊడి వచ్చింది. దాంతో పాటు మడత పెట్టిన గోధుమరంగు కాగితం ఒకటి బల్ల మీద పడింది. మేకుల పొట్లం చింపిన కాగితం. దాని మీద పెన్సిల్ రాత. మా పనివాళ్ళలో కొందరు ఇలా చీటీలు పెడతారు, పేరూ తేదీ రాసి. మలీన సంబరపడి నాకు అందించింది. నేను కళ్ళజోడు మరిచిపోయి వచ్చాను.

"నువ్వే చదువమ్మా" అన్నాను. "ముసలాయన ఏదో తప్పు ఒప్పుకునుంటాడు."

ఆమె చదివింది.

"ఈ కుర్చీ ఎస్కిల్ చేశాడు. వయసు పదిహేడు. ఎడమ పక్క వెంట్రుక తక్కువ, అంచు కుట్టు వదులు. విప్పించాల్సింది. కాని వాడు దీని చుట్టూ తిరిగి తిరిగి చూసుకోవడం చూశాను, నోరు రాలేదు. భోజనాల గదిలో చలికాచుకునే పొయ్యి పక్కన గోడవారగా వేయమని చెబుతాను, అక్కడ ఎవరూ చూడరు. తరవాత విప్పేవాళ్ళు వాణ్ణి ఏమీ అనొద్దు. హోల్గర్ క్రాగ్, నవంబరు 1967."

మలీన కాగితాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"ఎస్కిల్ అంటే…" అంది మలీన.

"ఆ పేరు మా జిల్లాలో చాలామందికి ఉంది" అన్నాను.

ఆమె నా కోటు మీది బిళ్ళ వైపు చూసింది. మంచి పిల్ల. కాఫీ తెస్తానని చెప్పి, చాలాసేపు రాలేదు.

ఆ చాలాసేపూ నేను ఆ కుర్చీ ముందు నిలబడ్డాను. బోర్లా పడుకున్న కుర్చీకి నాలుగు కాళ్ళూ పైకి ఉంటాయి, దానితో ఏం మాట్లాడతాం? మేస్త్రి రెండుసార్లు నొక్కి కిటికీ వైపు చూసిన సంగతి గుర్తొచ్చింది. ఆ "సరే" అన్నది పని గురించి కాదని, నా గురించని, యాభై ఏళ్ళ తరవాత అర్థమైంది. సిగ్గుపడటానికి కూడా మనిషికి కొంత తర్ఫీదు ఉండాలి. నాకు లేదు, అందుకని ఆ రోజు చాలా కష్టమైంది.

పొయ్యి పక్కన ఉండాల్సిన కుర్చీ తలాపుకి ఎలా వచ్చిందో మలీన తరవాత పాత కాగితాలు చూసి చెప్పింది. ఎప్పుడో నేలకి పాలిష్ పెట్టినప్పుడు కుర్చీలన్నీ బయటికి తీశారు, తిరిగి పెట్టేటప్పుడు వరస మారిపోయింది. రాజుగారి స్థానంలో నా కుర్చీ పడింది. దాని పల్లానికి ఒక కారణం కావాలి గనక ఎవరో గైడు వాతం నొప్పి తెచ్చాడు. పాపం ఆ రాజుగారి కాళ్ళు ఎలా ఉండేవో ఎవరికీ తెలియదు. నా చేతగానితనం మోయడానికి ఒక రాజు, ఒక మేస్త్రి ఇద్దరూ కావలసి వచ్చారు.

మలీన చీటీకి నకలు తీసి ఇచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని మూడు వారాలు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఏం కనిపెట్టారని బోదిల్ అడిగితే, పాత పట్టీలు, పాత వెంట్రుకలు అన్నాను. సంఘంలో అడిగితే, రహస్యం, ప్రభుత్వం వారి పని అన్నాను. ఈ మాట అన్నాక నా గౌరవం ఇంకా పెరిగింది, అది ఇంకా ఘోరం.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, బోదిల్ వంటింట్లో ఎర్ర క్యాబేజీ తరుగుతుంటే, చీటీ తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె చేతులు తుడుచుకుని చదవలేదు. తరగడం ఆపి, కాగితాన్ని చూసి, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

"ఇన్నాళ్ళకి దొరికిందా" అంది.

ఆమెకి తెలుసు. అప్పుడు ఆమెకి పదిహేనేళ్ళు. బడి అయ్యాక కొట్టు ఊడ్చేది. ఆ చీటీ రాయడానికి పెన్సిల్ చెక్కి ఇచ్చింది తనేనట. నల్లగుడ్డకి ఒక పక్క మేకులు ఊడదీసి, లోపల పెట్టి, మళ్ళీ కొట్టేటప్పుడు దీపం పట్టుకుంది కూడా తనేనట. మనిద్దరిలో ఎవరు చెప్పినా ఆ పిల్లాడు మళ్ళీ పందుల దగ్గరికి పోతాడని నాన్న అన్నాడట.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం" అన్నాను.

"చెబితే నువ్వు ఇంకో కథ వెతుక్కునేవాడివి. ఇదైతే నాకు అలవాటైపోయింది" అంది. కత్తి పక్కన పెట్టింది. "నువ్వు కుర్చీలన్నీ నీవే అన్నావు, ఊరుకున్నాను. నాన్న పేరు తీసేశావు, ఊరుకున్నాను. ఆయనకి అక్కర్లేదు కాబట్టి నాకూ అక్కర్లేదనుకున్నాను. కాని నీ తప్పు ఆయన కళ్ళ మీద పెట్టావు చూడు. ఆయన ఆసుపత్రిలో చివరి వారం కూడా కళ్ళజోడు లేకుండా నా సూదిలో దారం ఎక్కించాడు. నలభై మంది ముందు అన్నావు. నలభై మంది ముందే తీసుకో ఆ మాట."

నేను సరేనన్నాను. అంతకంటే ఏమంటాను? ఆ తరవాత క్యాబేజీ నేనే తరిగాను. ముక్కలు బాగా రాలేదు, ఆమె ఏమీ అనలేదు.

డిసెంబరు మొదటి బుధవారం సంఘం సమావేశం. మా ప్రాంతంలో కాఫీ అంటే ఉత్త కాఫీ కాదు, బల్ల మీద ఏడు రకాల కేకులు ఉండాలి. నాలుగో రకం దాకా ఓపిక పట్టాను, జనం కడుపు నిండితే కాస్త మెత్తబడతారని. ఐదోదానికి లేచి నిలబడి, కళ్ళజోడు పెట్టుకుని, మే నెలలో భోజనాల గదిలో నేనన్న మాట తప్పని, మా మామగారి కళ్ళు చివరిదాకా బాగానే ఉండేవని, ఆ కుర్చీ నేనే చేశానని చెప్పి, చీటీ చదివాను. "నోరు రాలేదు" అన్న చోట నాకూ నోరు రాలేదు, ఒకసారి నీళ్ళు తాగాల్సి వచ్చింది.

చదవడం అయ్యాక వినికిడి తగ్గిన ఒక పెద్దావిడ ఏమన్నాడని పక్కవాళ్ళని అడిగింది. వెర్నర్ ఆమె చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాడు.

"రాజుగారి కుర్చీ ఎడమ పక్క పాడుచేసింది ఎస్కిలేనట."

"మా సోఫా కూడా ఎడమ పక్కే కదా దిగిందీ" అంది ఆవిడ.

అప్పుడు కిటికీ దగ్గర్నుంచి ఇంకొకరు, మా ఇంట్లో పెద్ద కుర్చీ కూడా అంతే అన్నారు. పడవ నడిపే ఆయన, పరుపు మీద పడుకుంటే ఎప్పుడూ ఎడమకి దొర్లుతున్నాను, పడవే ఒరిగిందనుకున్నానన్నాడు. వెర్నర్ తన భార్య వైపు తిరిగి, ఇరవై రెండేళ్ళుగా సోఫా దిగడానికి నీ బరువే కారణమని అన్నందుకు క్షమించమని అడిగాడు. ఆమె ఆలోచిస్తానంది. నవ్వులు మొదలై ఆగలేదు. నేనూ నవ్వాను, ఆలస్యంగా. బోదిల్ నవ్వలేదు గాని, నా పళ్ళెంలో ఆరో రకం కేకు ముక్క పెట్టింది.

అలా నా జీవితకాలపు పని ఒక్క మధ్యాహ్నంలో తనిఖీ అయిపోయింది. ఊరంతా ఎడమకి ఒరిగి ఉంది.

జనవరిలో మలీన మళ్ళీ పిలిచింది. కుర్చీ మెత్త ఎలాగూ మళ్ళీ వేయాలి, గుర్రపు వెంట్రుకతో పాత పద్ధతిలో కుట్టడం ఆమె పుస్తకంలో చదివింది గాని చేతితో చేయలేదు. నన్ను చేయమని, తను చూస్తానని అంది. వద్దమ్మా, మొన్న చదివావు కదా అన్నాను. అందుకే రమ్మంటున్నాను, ఈసారి విప్పించేవాళ్ళు ఉంటారు అంది.

గురువారాలు వెళ్ళేవాణ్ణి. మ్యూజియం పద్ధతులు వేరు. పాత కర్రలో కొత్త మేకు కొట్టకూడదు. ఏది పెట్టినా రేపు ఎవరైనా తీయగలిగేలా పెట్టాలి. నాకేమో మేకు కొట్టకుండా ఉండటం నోరు మూసుకుని ఉండటంతో సమానం. మొదటిసారి మెత్త అయ్యాక మలీన చెక్క స్కేలు పెట్టి చూసింది.

"ఎస్కిల్ గారూ, విప్పండి" అంది.

విప్పాను. రెండోసారి చేశాను. స్కేలు పెట్టింది. మళ్ళీ విప్పమంది. ఎడమ పక్క మళ్ళీ దిగింది. నా వయసుకి ఇక ఇది కుదరదని దబ్బనాలు సంచిలో సర్దుతుంటే, ఆమె ఒక మాట అంది.

"మీరు ఎప్పుడూ కుర్చీకి కుడి పక్కే నిలబడి కుడతారు. ఎడమ మూలకి వచ్చేసరికి మీ చేయే మీకు అడ్డం. అక్కడ మీరు చూసి కుట్టడం లేదు, ఊహించి కుడుతున్నారు. ఒకసారి ఇటు వచ్చి నిలబడండి."

వెళ్ళి అటు నిలబడ్డాను. ఇంత చిన్న సంగతి. రెండు అడుగులు. యాభై ఏళ్ళుగా నేను అటు వెళ్ళలేదు. మేస్త్రి కొట్లో నా బల్ల ఎడమ పక్క గోడకి ఆనుకుని ఉండేది, అటు వెళ్ళే చోటే లేదు. తరవాత చోటు వచ్చింది, అలవాటు రాలేదు. అటునుంచి చూస్తే ఆ మూల ఎంత పలచగా ఉందో, గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. గుప్పెడు వెంట్రుక పెట్టి, దబ్బనంతో సర్ది, అంచు మూడు వరసలు కుట్టాను. చేతులు కొంచెం వణికాయి, ఈసారి వయసు వల్లే. మలీన స్కేలు పెట్టింది. నాలుగు మూలలా పెట్టింది. "సరే" అంది. దీన్ని నేను ఎక్కడా చెప్పుకోకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను, ఇప్పుడు చెబుతున్నాను.

పట్టుగుడ్డ వేసే ముందు ఎవరైనా ఒకసారి కూర్చుని చూడాలి. మలీన మరీ తేలిక, నేను కూర్చుంటే తీర్పు చెల్లదు. ఫిబ్రవరి చివరి గురువారం బోదిల్‌ని తీసుకెళ్ళాను. మెత్త మీద తెల్లగుడ్డ పరిచారు. బోదిల్ కోటు తీయలేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా కూర్చుంది. ముందు కుడికి జరిగింది, తరవాత ఎడమకి. కిటికీలోంచి సముద్రపు పాయ మీద మంచు పలకలు కనిపిస్తున్నాయి, వాటిని చూస్తూ ఉండిపోయింది.

ఎలా ఉందని మలీన అడిగింది.

"సమంగానే ఉంది" అంది బోదిల్. "నాన్నవి ఇంకాస్త మెత్తగా ఉండేవి."

మలీన ఆ మాట పుస్తకంలో రాసుకుంది. పదకొండున్నరయింది, నేను టోపీ పెట్టుకుని దబ్బనాలు సంచిలో చుట్టుకున్నాను. బస్సు పన్నెండుకి. బోదిల్ మాత్రం లేవలేదు. ఇంకో బస్సు ఒంటిగంటకి ఉందిగా అంది.